దిమ్మ దించిన తర్వాత

చదువుకోవలసిన భాగం: సంఖ్యాకాండము 8:23–26

ఈ నాలుగు వచనాల దగ్గర 53 ఏళ్లు వచ్చేదాకా నేను ఎప్పుడూ ఆగలేదు. సంఖ్యాకాండం అనగానే జనాభా లెక్కలు, గోత్రాల పేర్లు, కానుకల పట్టీలు. ఏడాదిలో బైబిలు పూర్తి చెయ్యాలని మొదలుపెట్టినవాళ్లం ఇక్కడికి వచ్చేసరికి కాస్త అడుగు వేగం పెంచుతాం. ఆ వేగంలో దాటిపోయే ఆజ్ఞ ఇది. లేవీయుడు 25వ ఏట ప్రత్యక్షపు గుడారపు సేవలో చేరాలి. 50 ఏళ్లు రాగానే ఆ సేవ మానాలి. మానినా అక్కడినుంచి వెళ్లిపోడు. తనవాళ్లకు తోడుగా ఉంటాడు, కాపలా చూస్తాడు. బరువు మాత్రం ముట్టడు.

ఆ బరువు ఎంతో తెలిస్తే ఈ ఆజ్ఞలోని దయ తెలుస్తుంది. లేవీ గోత్రంలో మెరారీయులకు అప్పగించినవి గుడారపు పలకలు, అడ్డకర్రలు, స్తంభాలు, దిమ్మలు. ఒక్కో పలక 10 మూరల పొడవు, మూరన్నర వెడల్పు. అలాంటివి 48. ఆ పలకల కింద, అడ్డతెర స్తంభాల కింద వేసే వెండి దిమ్మలు 100. ఒక్కో దిమ్మ ఒక తలాంతు, మన లెక్కలో 30 కిలోల పైమాటే. మెరారీయులకు నాలుగు బండ్లు, ఎనిమిది ఎద్దులు ఇచ్చిన మాట నిజమే. కానీ బండి మీదికి ఎక్కించేదీ దించేదీ మనిషి నడుమే కదా. మేఘం పైకి లేచిన ప్రతిసారీ విప్పాలి, ఎత్తాలి. అది నిలిచిన చోట మళ్లీ దించాలి, నిలబెట్టాలి. కహాతీయులకైతే బండ్లు కూడా లేవు, పరిశుద్ధ వస్తువులను భుజాల మీదే మొయ్యాలి. ఈ వయసు హద్దు యాజకులకు పెట్టినట్టు అక్కడ కనబడదు. మోసేవాళ్లకే పెట్టాడు దేవుడు. మోసేవాడి నడుమును ఆయన లెక్కలోకి తీసుకున్నాడు.

నేనూ మోసినవాణ్ణే. 1988లో రేపల్లెలో టెలిఫోన్ డిపార్టుమెంటులో లైన్‌మన్‌గా చేరాను. 1990 మే 9 తుఫానుకి మా వైపు స్తంభాలు వరసగా పడిపోతే, మోకాలి లోతు బురదలో వాటిని భుజానికెత్తుకుని నడిచినవాళ్లలో ఒకణ్ణి. తర్వాత కేబుల్ జాయింటింగ్‌లోకి మారాను. రోడ్డు పక్క గుంటలో కూర్చుని, తెగిన కేబులులో జత జతా వెతికి కలపడం నా పని. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. ఈ వరస నాకు నిద్రలో లేపి అడిగినా వచ్చు.

2019 నవంబరు 4న బీఎస్‌ఎన్‌ఎల్‌లో వీఆర్‌ఎస్ తెరిచారు. 50 ఏళ్లు నిండినవాళ్లకు అవకాశం, డిసెంబరు 3 ఆఖరు తేదీ. దేశం మొత్తం మీద 78 వేలమందికి పైగా దరఖాస్తు పెట్టుకున్నాం. ఇంట్లో ఇద్దరం ప్రార్థన చేసుకునే సంతకం పెట్టాను. 2020 జనవరి 31 శుక్రవారం సాయంత్రం పూలదండ, శాలువా, ఫోటో. పనిముట్ల సంచి స్టోర్స్‌లో అప్పగించాను. దాని పట్టీ ఒరుసుకుని కుడి భుజం మీద పడిన నల్లటి కాయ మాత్రం నాతోనే ఇంటికి వచ్చింది.

సోమవారం పొద్దున అయిదున్నరకే మెలకువ వచ్చింది. గడ్డం గీసుకున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని జేబులో పెన్ను పెట్టుకున్నాను. గేటు దాకా వెళ్లి, గడియ మీద చెయ్యి వేసి, అక్కడే ఆగిపోయాను. ఎటు వెళ్లాలి? పాలబ్బాయి, బడిపిల్లలు, బస్సుకోసం పరుగెత్తే పక్కింటి టీచరుగారు, అందరూ దాటిపోతున్నారు. ఎంతసేపు నిలబడ్డానో గుర్తులేదు. గడియ చల్లదనం మాత్రం అరచేతికి ఇంకా గుర్తుంది.

రెండు నెలలు తిరక్కముందే లాక్‌డౌన్ వచ్చింది. లోకమంతా ఇంట్లోనే ఉంది కాబట్టి నేను ఇంట్లో ఉండటం ఎవరికీ వింతగా లేదు, నాకూ లేదు. నా అసలు రిటైర్మెంటు జూన్‌లో మొదలైంది. ఆఫీసులు తెరిచారు, దుకాణాలు తెరిచారు, గుడి తలుపులు తెరిచారు. అందరూ వెనక్కి వెళ్లారు. నేను మిగిలాను.

ఖాళీ చేతులు బరువును వెతుక్కుంటాయి. ఇది నా అనుభవంలో తెలుసుకున్న మాట. ఒకరోజు మా ఆవిడ స్త్రీల కూడికకు వెళ్లినప్పుడు వంటింట్లో డబ్బాలన్నీ దించాను. తుడిచి, కేబులు చివరలకు కట్టినట్టు పేర్ల చీటీలు అంటించి, సైజు ప్రకారం వరసగా సర్దాను. తను వచ్చి సాయంత్రం పోపు పెడుతూ, అలవాటు చొప్పున అటు చూడకుండానే ఆవాల డబ్బాకోసం చెయ్యి చాచింది. చెయ్యి గాలిలో తడుముకుంది. పక్కకు జరిగి మళ్లీ తడుముకుంది. నూనె పొగలొస్తుంటే పొయ్యి ఆపేసింది. నా మీద కేకలు వెయ్యలేదు. కాసేపయ్యాక నెమ్మదిగా అంది: "ఏమండీ, 28 ఏళ్లుగా పగలంతా ఈ ఇల్లు నేనొక్కదాన్నే నడిపాను. మీకు ఏదైనా చెయ్యాలనిపిస్తే ముందు నన్ను అడగండి."

మర్నాడు అడిగాను. చిక్కుడుకాయలకు ఈనెలు తియ్యమంది. వంటింటి గుమ్మంలో కూర్చుని తీశాను. తను పని చేసుకుంటూ లోలోపల పాట పాడుకుంటుందని, ఒక చరణం దగ్గర ఆగి కాసేపు ఊరుకుని మళ్లీ అందుకుంటుందని, ఆ రోజే తెలిసింది నాకు.

డబ్బు సంగతి ఎక్కువ చెప్పను. ఒక్కసారిగా చేతికొచ్చిన మొత్తాన్ని చూసి అప్పు అడగడానికి వచ్చినవాళ్లున్నారు, పొలం చూపిస్తామన్నవాళ్లున్నారు. పోస్టాఫీసులో కొంత, బ్యాంకులో కొంత వేసి, నెలకు వచ్చేదాన్లో సర్దుకోవడం అలవాటు చేసుకున్నాం. అరణ్యంలో ఏ రోజు మన్నా ఆ రోజే ఏరుకున్న జనం గుర్తొస్తారు ఒక్కోసారి. అంతకంటే కష్టమైన పాఠం వేరే ఉంది.

వంటింట్లో నేర్చుకున్నది గుళ్లో మరిచిపోయాను. సంఘంలో అడిగిన పనీ అడగని పనీ నెత్తికెత్తుకున్నాను. ప్రహరీ మరమ్మతు, కానుకల లెక్క, క్రిస్మస్ స్టార్లకు కరెంటు తీగలు, చివరికి మైకు సెట్టు. ఆ మైకు సెట్టు నాలుగేళ్లుగా ఒక కుర్రాడు చూసుకునేవాడు. అతను చుట్టిన వైరు ప్రతి ఆదివారం విప్పి మళ్లీ చుట్టేవాణ్ణి. నాకది మంచి చెప్పడంలాగే ఉండేది. తర్వాత యాంప్లిఫయర్ పెట్టె తాళంచెవి నా దగ్గరే పెట్టుకున్నాను. అతను కొన్ని వారాలు చివరి బల్ల మీద కూర్చున్నాడు. ఆ తర్వాత రావడం మానేశాడు. నేను గమనించనేలేదు. ఒక రాత్రి ఆరాధన అయ్యాక అయ్యగారు నన్ను వరండాలో ఆపారు. "బ్రదర్, ఇంటికెళ్లాక సంఖ్యాకాండం ఎనిమిదో అధ్యాయం చివరి భాగం చదవండి. చదివాక ఆ కుర్రాడి ఇంటికి ఒకసారి వెళ్లిరండి" అన్నారు. అంతే అన్నారు.

ఆ రాత్రి చదివాను. సేవ మానాలి అన్న మాట దగ్గరే నా కళ్లు చాలాసేపు నిలిచిపోయాయి. వీఆర్‌ఎస్ కాగితం మీద సంతకం పెట్టిన రోజునుంచీ లోపల నలుగుతున్న మాట అదే. ఇక నీ అవసరం లేదు అని ఎవరో అంటున్నట్టు. తర్వాత వచనం మీదికి వెళ్లేసరికి ఏడుపు ఆగలేదు. బరువు దించమన్న దేవుడే, అదే నోటితో, నీ చోటు మాత్రం ఇక్కడే ఉందంటున్నాడు. సహోదరులకు తోడుగా ఉండమంటున్నాడు.

ఇంకొకటి చూడండి. నాలుగో అధ్యాయంలో మోత పనికి లెక్కించినవాళ్లు 30 నుంచి 50 ఏళ్లవాళ్లు. ఆ లెక్కకు వచ్చినవాళ్లు 8,580 మంది. ఇక్కడ ఎనిమిదో అధ్యాయంలో మాత్రం 25 అని ఉంది. ఈ అయిదేళ్ల తేడా పని నేర్చుకునే కాలమని యూదు బోధకులు చెబుతూ వచ్చారు. ఎవరి దగ్గర నేర్చుకుని ఉంటారు? వాక్యం చెప్పదు. నాకు మాత్రం కళ్లకు కట్టినట్టు ఉంటుంది. మేఘం లేచింది. పాతికేళ్లవాడు వంగి దిమ్మ కింద వేళ్లు పెట్టాడు. పక్కనే 51 ఏళ్లవాడు నిలబడ్డాడు. అతని చేతులు వాటంతటవే ముందుకు వెళ్లి ఉంటాయి, పాతికేళ్ల అలవాటు కదా. వాటిని వెనక్కి తీసుకుని, నడుం మీద కాదు నాయనా, మోకాళ్ల మీద లేపు అని చెప్పి ఉంటాడు. చెప్పి, తాను ఎత్తకుండా చూస్తూ నిలబడ్డాడే, ఆ నిలబడటం అతనికి దిమ్మ ఎత్తడం కంటే కష్టమై ఉంటుంది. దేవుడు అతని దగ్గర అడిగిన సేవ అదే.

మర్నాడు ఆ కుర్రాడి ఇంటికి వెళ్లి తాళంచెవి చేతిలో పెట్టాను. క్షమించమని అడిగాను. "అయ్యో, అంత మాటెందుకు అంకుల్" అన్నాడు గానీ కళ్లెత్తి చూడలేదు. వాళ్లమ్మ టీ ఇచ్చింది. మూడు వారాల తర్వాత గుడికి వచ్చాడు. ఇప్పుడు అతను చుట్టిన వైరును నేను ముట్టుకోను. అతని చుట్టలో తప్పేమీ లేదు కూడా, నాలాగా చుట్టడు, అంతే.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం మా వీధి మలుపులో కాలవ తవ్వుతుంటే ఫైబర్ కేబుల్ తెగింది. చీకటి పడుతుండగా ఒక కుర్రాడొచ్చి, చెట్టు కొమ్మకు గొడుగు కట్టుకుని, స్టూలు మీద స్ప్లైసింగ్ మెషీన్ పెట్టుకుని కూర్చున్నాడు. చినుకులు పడుతున్నాయి. సెల్‌ఫోను లైటు పళ్లతో పట్టుకుని పని చేస్తున్నాడు. నేను గేటు తీసుకుని వెళ్లాను. తెగిన కేబుల్ కనబడగానే నా కుడి చెయ్యి కదిలింది. ఆపుకున్నాను.

"బాబూ, ఏమైనా పట్టుకోనా?" అని అడిగాను.

"లైటు పట్టుకోండి అంకుల్, చాలు."

పట్టుకున్నాను. అతను గాజు పోగు పైపొర తీసి, స్పిరిటుతో తుడిచి, కొస సమంగా కత్తిరించి మెషీన్‌లో పెట్టాడు. తెర మీద రెండు కొసలు ఎదురెదురుగా వచ్చి, చిన్న మెరుపు మెరిసి, ఒకటయ్యాయి. మా రాగి తీగలకు ఇంత సున్నితం అక్కర్లేదు. ఇది వెంట్రుకంత ఉంది. పని చేస్తూ అతను లోపల్లోపల రంగులు లెక్కపెట్టుకుంటున్నాడు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద. నాకు ఒళ్లు జలదరించింది. తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, అని తర్వాతివి నేను పైకే అనేశాను. అవి మా పాత కేబులు జతల్లో రెండో తీగ రంగులు, అదే వరసలో.

అతను తలెత్తాడు. "మీకెలా తెలుసంకుల్?"

చెప్పాను. నవ్వాడు. "ఇంకో రెండున్నాయి, రోజా, ఆక్వా" అన్నాడు. ఆ రెండూ నేర్చుకున్నాను. పన్నెండు పోగులు కలిసేసరికి ముప్పావు గంట పైనే పట్టింది. మధ్యలో నా చెయ్యి వణకడం మొదలుపెడితే, వెలుగు కదలకుండా ఎడమ చెయ్యి కింద ఆనించుకున్నాను.

ప్రార్థన: తండ్రీ, ఈ ఉదయం ఇస్త్రీ చొక్కాతో గేటు దగ్గర ఆగిపోయినవాళ్ల దగ్గర నీవు నిలబడు. మా చేతులు బరువుకోసం వెతుక్కుంటున్నప్పుడు, అడగడానికి మాకు నోరివ్వు. ఆ మైకు కుర్రాణ్ణి, వానలో పనిచేసిన ఆ బిడ్డను దీవించు. ఆమేన్.