ఎవరిదీ కాని భయం

శామీర్‌పేట చెరువు కట్ట మీది మైసమ్మకు బోనం ఎత్తే మనిషి ఆ తల్లికి భయపడతాడు, భయపడుతూనే అమ్మా అని పిలుస్తాడు. అదే శామీర్‌పేట పరిసరాల్లోని అద్రాస్‌పల్లిలో 2019 సెప్టెంబరులో, చేతబడి చేశాడన్న అనుమానంతో ఒక యువకుడి ప్రాణం తీశారు. మరొకరి కోసం పేర్చిన చితిలో అతని దేహం కాలింది. రెండు చోట్లా ఉన్నది భయమే. మరి మతంలోనూ కళలోనూ భయానికి ఎంత చోటివ్వాలి? దాన్ని ఎవరి మీదా గురిపెట్టనంతవరకు ఇవ్వవచ్చు. పొరుగువాడి పేరు దానికి అంటిన క్షణాన అది పాపమే.

శాకుంతలంలో దుష్యంతుడి బాణానికి బెదిరి పరుగెత్తే లేడిని అభినవగుప్తుడు భయానక రసానికి ఉదాహరణగా తీసుకున్నాడు. అది చూసే ప్రేక్షకుడు ‘నాకు ఆపద వచ్చింది’ అనుకోడు, ‘వీడు నా శత్రువు’ అనీ అనుకోడు. దేశకాలాల నుంచి విడిపడిన భయమొక్కటే అతని మనసులో నిలుస్తుంది. కళలో భయం సంగతి ఇది. ఇక మతంలో, దేవుడి భయం కూడా మూఢత్వమే, మైసమ్మతో సహా వదిలేయాలి అని హేతువాదులు అంటారు. కానీ గీత పదకొండో అధ్యాయంలో విశ్వరూపం చూసి వణికిన అర్జునుడు, కృష్ణుణ్ణి చనువుగా పిలిచినందుకు క్షమాపణ అడిగాడు. అతని భయం అతని అహాన్నే తగ్గించింది. అద్రాస్‌పల్లి భయం మాత్రం భయపడినవాళ్లను ఏమీ అడగలేదు, ఎదుటివాడి ప్రాణం అడిగింది. మైసమ్మ దగ్గరున్నా ఆ హత్య ఆగలేదన్నది నిజమే. భక్తి దానంతటదే మనిషిని కాపాడుతుందని నేను అనను.

సినిమాలో భయాన్ని చూపే రెండు తీరులు అనుష్క శెట్టి పాత్రల్లో కనిపిస్తాయి. కోడి రామకృష్ణ తీసిన ‘అరుంధతి’ (2009)లో పశుపతి నిజమైన ప్రేతాత్మ, మంత్రాలు నిజంగా పనిచేస్తాయి. జేజెమ్మగా ఆమె నటనను తెలుగువాళ్లు మరచిపోరు. ‘భాగమతి’ (2018)లో ఆమె పాత్ర చంచల పాడుబడ్డ బంగళాలో దయ్యం పట్టినట్టు నటిస్తుంది, ఆ గుట్టును కథే విప్పుతుంది. కళగా మొదటిదే గొప్పది, వివేకంలో రెండోది మేలు. ఇలాంటి చిత్రాలే చేతబడి, బాణామతి నమ్మకాన్ని పెంచుతున్నాయన్న ఆరోపణను నేను పూర్తిగా కొట్టిపారేయలేను. కానీ ఆ నమ్మకం సినిమా కంటే చాలా పాతది. పైగా పశుపతి గద్వాల సంస్థానంలో బలవంతుడు. నిజజీవితంలో మాత్రం ఊళ్లో నింద పడేది ఎక్కువగా దిక్కులేనివాళ్ల మీద. అందుకే భయానక చిత్రాలు తీసేవాళ్లను ఒక్కటే కోరుతున్నాను: ఇంట్లో జబ్బు చేస్తే, దానికి ఊరిచివరి పేదవాడే కారణమని చూపించే కథ మాత్రం రాయకండి.