పరుల బిడ్డ - మన ఋణము

పుట్టువెండ్రుకలను స్వామికి సమర్పించి, బోడితలపై చందనము పూసి, పసిబిడ్డను చంకనెత్తుకొని మహాద్వారము కడకు వచ్చు తల్లిని చూచినప్పుడు, ఆ బిడ్డ ఎవరిదని మనము అడుగము. వరుసలో నిలిచిన వారందరును చేయి చాచి తాకి మురియుదురు. కొండ దిగిన పిదప మాత్రము "ఎవరి బిడ్డలను వారు పెంచుకొనవలెను" అను మాట మన నోట వచ్చుచుండును. ఈ రెండింటిలో ఏది ధర్మమో విచారింపవలసియున్నది.

మన దేశమున సమగ్ర శిశు అభివృద్ధి సేవా పథకము 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాంతములలో ప్రారంభమైనది. నేడు ఊరూర మనము చూచు అంగన్‌వాడీ కేంద్రములు దాని ఫలమే. గర్భిణులకు, బాలింతలకు, ఆరేండ్లలోపు పిల్లలకు పోషకాహారము, ఆరోగ్య పరీక్షలు, టీకాలు, ఆటపాటలతో కూడిన తొలి చదువు వీనివలన లభించును. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టము ఆ ఆహారమును దయగా గాక హక్కుగా నిర్ణయించినది. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఐదేండ్లలోపు పిల్లలలో వయసుకు తగిన ఎత్తు ఎదుగని వారు దేశమున నూటికి 35 మందికి పైగా, ఆంధ్రప్రదేశ్‌లో 31 మంది, తెలంగాణలో 33 మంది కలరు. వీరి కొరకు ప్రజాధనమును వ్యయించుట ఉచితమా యని కొందరు శంకింతురు.

బిడ్డ పేదయింట పుట్టుట పూర్వకర్మము గదా, మనము అడ్డుపడనేల యనునది మొదటి శంక. అశ్వత్థామ అస్త్రము ఉత్తర గర్భమును దహింపబోగా, శ్రీకృష్ణ పరమాత్మ కర్మఫలమని ఊరకుండలేదు. గర్భస్థుడైన పరీక్షిత్తును తానే కాపాడెను. ప్రహ్లాదుడు కడుపున నుండగా కయాధువునకు ఆశ్రయమిచ్చిన నారద మహర్షి, ఆమె అసురుని ఇల్లాలని వెనుదీయలేదు. శిశువు పూర్వకర్మ మేమో మన మెరుగము. మనకు తెలిసిన కర్మము ఒక్కటే, మనము చేయవలసినది.

ప్రభుత్వమే పెట్టినచో తల్లిదండ్రులు తమ ధర్మమును మరతురనునది రెండవ శంక. సీమంతము, నామకరణము, అన్నప్రాశనము తల్లిదండ్రులు చేయునవే. కాని బంధువులు, పురోహితుడు, ఇరుగుపొరుగు లేక అవి శోభింపవు. ఆరవ నెలలో అన్నప్రాశనము చేయుమని పెద్దలు విధించిరి. ఆరు నెలలు నిండిన పిదప తల్లిపాలతోపాటు అన్యాహారము అవసరమని నేటి వైద్యులును చెప్పుచున్నారు. గర్భమున పడిన నాటినుండి రెండేండ్లు నిండువరకు గల వేయి దినములలో కలిగిన లోటును పిమ్మట పూరించుట మిక్కిలి కష్టమనియు వారి మాట. తెల్లవారకమునుపే కూలికి పోవు తల్లికి ప్రేమ కొరవడలేదు. కొరవడినవి పప్పు, పాలు, పగటివేళ బిడ్డను కనిపెట్టుకొనియుండు చేతులు. వాటిని సమకూర్చుట ఆమె ధర్మమును హరించుట కాదు, నిలబెట్టుట.

మనకు పితృఋణము కలదని శాస్త్రము. కన్నవారు మనకు పెట్టిన గోరుముద్దను వారికే తిరిగి పెట్టి తీర్పలేము. తరువాతి తరమునకు పెట్టియే తీర్పవలెను. మనకు జన్మనిచ్చిన తల్లి ఒక్కతె. అక్షరము దిద్దించినవారు, బావి త్రవ్వించినవారు, జ్వరము వచ్చిన రాత్రి మందు తెచ్చి యిచ్చినవారు అనేకులు. ఆ ఋణము మన ఇంటి గడపలోపల తీరునది కాదు. అందుచే పన్ను రూపమున వెళ్లి పసివాని గిన్నెలో అన్నమైన రూపాయి దానము కాదు, ఋణవిమోచనము. దానమునకు గర్వము అంటవచ్చును. అప్పు తీర్చువానికి గర్వమునకు తావెక్కడ?

పన్ను కట్టితిమి గదా యని చేతులు దులుపుకొనరాదు. ఖజానా బియ్యమును పంపగలదు, ఒడిని పంపలేదు. మన వీధి కేంద్రమున త్రాగునీరు కలదా, వండిన పప్పు చిక్కగా నున్నదా, అచ్చట పనిచేయు ఇల్లాలికి జీతము వేళకు అందుచున్నదా యని కనుగొనుట గృహస్థుల పని. వారమున కొకనాడు పోయి ఆ పిల్లలకు ఒక కథ చెప్పుటకు ధనముతో పనిలేదు.

దేవకి కన్న బిడ్డను గోకులము పెంచినది. ఇల్లిల్లును పాలు, వెన్న పెట్టి, ఎవరికి పెట్టుచున్నదో ఎరుగకయే ధన్యమైనది. మన వాకిట నిలిచిన పసివాడెవరో మనమును ఎరుగము. ఎరుగకయే పెట్టగల మనసును శ్రీనివాసుడు మనకు ప్రసాదించుగాక!