గీతకు అందని జనం

ప్రజాస్వామ్య న్యాయాన్ని గురించిన చర్చలు ఓటు ఎవరికి ఉండాలన్న ప్రశ్న దగ్గరే ఎక్కువసేపు నిలుస్తాయి గాని, ఆ ఓటు ఏ సరిహద్దు లోపల లెక్కకు రావాలన్న ప్రశ్న కూడా అంత లోతైనదే. అమెరికాలో 1812లో మసాచుసెట్స్ గవర్నరు ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ ఆమోదించిన వంకరటింకర నియోజకవర్గాల కారణంగా, స్వపక్షానికి లాభించేటట్లు గీతలు గీయడానికి గెర్రీమాండరింగ్ అనే పేరు స్థిరపడింది. తరువాతి కాలంలో నల్లజాతి ఓటర్లను ఒక్క నియోజకవర్గంలోకి కుక్కడానికో, నాలుగైదింటిలోకి చెదరగొట్టడానికో ఈ విద్య పనికివచ్చింది. భారతదేశంలో గీతలు గీసేది పాలకపక్షం కాదు, డీలిమిటేషన్ కమిషన్. దాని ఉత్తర్వులను న్యాయస్థానాల్లో ప్రశ్నించడానికి రాజ్యాంగంలోని 329వ అధికరణం అడ్డుగా ఉన్నది. ఎవరి దురుద్దేశమూ లేకుండా నియమమే కొందరిని వదిలివేసినప్పుడు దానిని అన్యాయమనవచ్చునా అన్న ప్రశ్నకు నెల్లూరు తీరంలో ఒక స్పష్టమైన ఉదాహరణ దొరుకుతుంది.

జస్టిస్ కుల్దీప్ సింగ్ అధ్యక్షతన ఏర్పడిన కమిషన్ 2001 జనాభా లెక్కలను ఆధారం చేసుకొని చేసిన పునర్విభజన 2009 ఎన్నికల్లో ఇక్కడ అమలుకు వచ్చింది. అల్లూరు, రాపూరు నియోజకవర్గాలు మాయమయ్యాయి; నెల్లూరు సిటీ, రూరల్ అని రెండుగా చీలింది; దశాబ్దాలపాటు షెడ్యూల్డ్ కులాలకు రిజర్వయిన నెల్లూరు లోక్‌సభ స్థానం జనరల్ కాగా, బాపట్ల రిజర్వుడు స్థానమైంది. నెల్లూరు నుంచి పలుమార్లు గెలిచిన పనబాక లక్ష్మి బాపట్లకు వెళ్లి పోటీచేయవలసి వచ్చింది. నాయకుల సంగతి ఎలా ఉన్నా, ఈ తీరంలోని షెడ్యూల్డ్ తెగ అయిన యానాదులకు మాత్రం ఈ మార్పుల్లో దేనివల్లా ఒరిగింది లేదు.

కారణం చట్టంలోనే ఉన్నది. 2002 నాటి డీలిమిటేషన్ చట్టం ప్రకారం షెడ్యూల్డ్ కులాల స్థానాలను రాష్ట్రమంతటా వేర్వేరు ప్రాంతాలకు పంచుతూ, వారి నిష్పత్తి సాపేక్షంగా ఎక్కువగా ఉన్నచోట ఏర్పరచాలి. షెడ్యూల్డ్ తెగల స్థానాలను మాత్రం, పంపిణీ ప్రసక్తి లేకుండా, వారి నిష్పత్తి అత్యధికంగా ఉన్నచోటనే ఏర్పరచాలి. అందుచేత నేటి ఆంధ్రప్రదేశ్‌లోని ఏడు ఎస్టీ శాసనసభ స్థానాలూ, పాలకొండ, కురుపాం, సాలూరు మొదలుకొని పోలవరం దాకా, ఉత్తరాన ఉన్న ఏజెన్సీ కొండలవైపే ఉన్నాయి. పులికాట్ సరస్సులో చేపలు పడుతూ, రొయ్యల చెరువులకు కావలి కాస్తూ, ఊరూరా గిరిజన కాలనీల్లో చెదిరి ఉన్న యానాదులు ఏ ఒక్క నియోజకవర్గంలోనూ పెద్ద సంఖ్యగా తేలరు. శ్రీహరికోట వంటి చోట కొంత గుంపుగా ఉన్నవారు కూడా రాకెట్ కేంద్రం కోసం కదలవలసి వచ్చింది.

ఇక్కడ అంతగా చర్చకు రాని మెలిక ఒకటున్నది. రాష్ట్రంలో ఎస్టీ స్థానాలు ఎన్ని ఉండాలన్నది రాష్ట్రంలోని మొత్తం ఎస్టీ జనాభాను బట్టి తేలుతుంది గనుక, ఆ సంఖ్యను నిర్ణయించేటప్పుడు యానాదుల తలలూ లెక్కలో చేరతాయి; ఆ లెక్కవల్ల ఏర్పడిన స్థానాలు మాత్రం వారు లేని చోటికి పోతాయి. కొండల్లోని గిరిజనుల హక్కు న్యాయమైనదే, వారు ఎవరి స్థానాన్నీ దొంగిలించలేదు. అయినా, ఒక సమూహాన్ని మొత్తంలో కూడి, పంపకంలో మరచే నియమాన్ని నిష్పాక్షికమైనదని ఒప్పుకోవడం కష్టం. తాను పాడేరులో పుడతాడో, సూళ్లూరుపేట దగ్గరి గిరిజన కాలనీలో పుడతాడో తెలియని స్థితిలో మనిషి ఏ నియమాన్ని ఎన్నుకుంటాడో అదే న్యాయమన్న జాన్ రాల్స్ పరీక్షకు ఇది నిలవదు.

మరొక వైరుధ్యం ఇంకా పదునైనది. ఊరి కొలతలో చూస్తే దళితులూ యానాదులూ ఒకచోటికి నెట్టబడినవారు. నియోజకవర్గం కొలతలో చూస్తే చెల్లాచెదురైనవారు. అవమానించడానికి వారిని గుంపుగా ఉంచిన సమాజమే, అధికారం పంచేవేళ వారు గుంపుగా లేరంటున్నది. అమెరికా సుప్రీంకోర్టు 1986లో జింగిల్స్ కేసులో, మైనారిటీ సమూహం తగినంత పెద్దదిగా, ఒకచోట చిక్కగా ఉంటేనే నియోజకవర్గ రక్షణ కోరవచ్చునని చెప్పిన సూత్రంలోనూ ఇదే భౌగోళిక షరతు దాగి ఉన్నది. 1946లో నెల్లూరు మూలాపేటలోని వేణుగోపాలస్వామి ఆలయంలోకి హరిజనుల ప్రవేశం కోసం పొట్టి శ్రీరాములు నిరాహారదీక్ష చేసినప్పుడు అడ్డుపడుతున్నవారెవరో అందరికీ కనిపించారు, కనుక వారి అంతరాత్మకు విజ్ఞప్తి చేయడం సాధ్యమైంది. నియోజకవర్గాల పటానికి మాత్రం అంతరాత్మ లేదు.

చెదిరి ఉన్న ప్రతి సమూహానికీ స్థానం ఇవ్వడం అసాధ్యమన్న ఆక్షేపణ బలమైనదే. అయితే గీత తప్ప సాధనం లేదనుకోవడానికి చరిత్ర ఒప్పుకోదు. 1932 పూనా ఒప్పందం నాటి వాదమంతా, సమూహం తన ప్రతినిధిని తానే ఎన్నుకోవాలా, అందరితో కలిసి ఎన్నుకోవాలా అన్నదానిపైనే నడిచింది. అంబేడ్కర్ కోరిన ప్రత్యేక నియోజకవర్గాల ఆలోచన భూభాగంతో ముడిపడని ప్రాతినిధ్యానికి దారి చూపగలిగేది. స్వాతంత్ర్యానంతరం కొన్నిచోట్ల ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులను ఎన్నుకునే ద్విసభ్య పద్ధతి ఉండేది. 1957లో అటువంటిదే అయిన పార్వతీపురం లోక్‌సభ నియోజకవర్గంలో, గిరిజనుడైన డిప్పల సూరిదొర జనరల్ స్థానంలోనే వి.వి.గిరిని ఓడించగా, సుప్రీంకోర్టు ఆ ఎన్నికను సమర్థించింది. 1961లో చట్టం ద్వారా ఆ పద్ధతి రద్దయి, ప్రాతినిధ్యం పూర్తిగా ఒక సభ్యుడు, ఒక సరిహద్దు అన్న లెక్కకు కుదించబడింది. 2026 తరువాతి మొదటి జనాభా లెక్కల మీద రానున్న పునర్విభజనలో, ఉత్తరాది రాష్ట్రాలకు ఎన్ని, దక్షిణాదికి ఎన్ని అన్న వివాదమే ఇప్పటికి వినిపిస్తున్నది. తెగల స్థానాలను నిష్పత్తి అత్యధికంగా ఉన్నచోటనే పెట్టాలన్న వాక్యం కొత్త చట్టంలోనూ అట్లాగే మిగిలితే, ఆ స్థానాలు మళ్లీ కొండలకే చేరతాయి.