కట్టడం వయస్సు: టోక్యో యాత్రలో ఒక ధర్మసందేహం

ఒక నగరాన్ని చూడబోయే యాత్రికుడు బయలుదేరడానికి ముందే ఒక జాబితా వ్రాసుకుంటాడు. ఏ రోజు ఏ పేట, ఏ పూట ఏ కట్టడం, ఒక చోటి నుండి మరొక చోటికి ఎంత దూరం అని లెక్క వేసుకుంటాడు. పైకి ఇది కేవలం సౌకర్యానికి సంబంధించిన పని. కాని ఉన్నది నాలుగు రోజులే అయి, చూడదగినవి వందల సంఖ్యలో ఉన్నప్పుడు ఆ జాబితా ఒక తీర్పుగా మారుతుంది. ఏది చూడాలో, ఏది విడిచిపెట్టాలో నిర్ణయించే మనిషి తెలిసో తెలియకో విలువలను గురించి మాట్లాడుతున్నాడు. వాస్తుశిల్పం కోసమే చేసే యాత్రలో ఈ తీర్పు మరింత బరువైనది. అటువంటి యాత్రకు జపాన్ రాజధాని టోక్యోను ఎంచుకున్నవారికి మొదటి రోజే ఒక ధర్మసందేహం ఎదురవుతుంది. కళ్ళ ముందున్న కట్టడం అసలుదా, తిరిగి కట్టినదా? తిరిగి కట్టినదే అయితే దానికి ప్రాచీన కట్టడానికి ఇచ్చే గౌరవం ఇవ్వవచ్చునా?

ఈ సందేహానికి మూలం ఆ నగర చరిత్రలోనే ఉంది. 1923 సెప్టెంబర్ 1న, మధ్యాహ్న భోజనానికి పొయ్యిలు వెలిగించి ఉన్న వేళ మహాభూకంపం సంభవించింది. కొయ్య ఇండ్ల నగరం కనుక కంపనం కంటె అగ్ని ఎక్కువ నాశనం చేసింది. టోక్యో, యొకొహామా ప్రాంతంలో లక్ష మందికి పైగా మరణించారు. ఇరవై రెండేళ్ళ తరువాత, 1945 మార్చి 10 తెల్లవారుజామున అమెరికా విమానాలు కురిపించిన నిప్పుబాంబులకు నగరం తూర్పు భాగం దాదాపుగా బూడిద అయింది. ఆ ఒక్క రాత్రిలోనే సుమారు లక్ష మంది మరణించారని అంచనా. కాబట్టి ప్రాచీనతను ప్రమాణంగా పెట్టుకొని టోక్యోలో జాబితా వ్రాయబోతే అది చాలా చిన్నదవుతుంది. ఆ ప్రమాణాన్ని పూర్తిగా వదిలివేస్తే మిగిలేది ఆకాశహర్మ్యాల పట్టిక మాత్రమే. ఈ రెంటికీ మధ్య వేరొక ప్రమాణాన్ని వెదకడం యాత్రికుని మొదటి బాధ్యత.

ఆ వెదకులాటకు అసకుస పేటలోని సెన్సోజి ఆలయం తగిన చోటు. అవలోకితేశ్వరుడు కొలువైన ఆ బౌద్ధాలయం నగరంలో అన్నిటికంటె ప్రాచీనమైనదని ప్రసిద్ధి. దాని స్థాపనను సంప్రదాయం 7వ శతాబ్దానికి చెందినదిగా చెబుతుంది. 1649లో కట్టిన ప్రధాన మందిరం 1945 మార్చి మంటల్లో కాలిపోయింది. నేడు జనం దర్శించే మందిరం 1958లో కాంక్రీటుతో కట్టినది. ఇటీవలి కాలంలో దాని కప్పుకు మట్టి పెంకుల స్థానంలో, బరువు తగ్గించడానికి టైటానియం పలకలు వేశారు. వాస్తుశిల్పం చదివిన యాత్రికుడు ఈ వివరం తెలియగానే నిరాశపడి, జాబితాలో ఆ పేరు కొట్టివేయవచ్చు. కాని అదే ప్రాంగణంలో తూర్పు వైపున 17వ శతాబ్దపు నితెన్‌మోన్ ద్వారం, ఆ పక్కనే 1649 నాటి అసకుస దేవళం మంటలను తప్పించుకొని నేటికీ నిలిచి ఉన్నాయి. జనసమ్మర్దం మాత్రం కాంక్రీటు మందిరం ముందే. ధూపపాత్ర నుండి వచ్చే పొగను చేతులతో తలకు అద్దుకునే వృద్ధురాలికి కప్పు మీది లోహంతో పని లేదు. ఆమెకు అది అదే గుడి. ఆమె పొరపడుతున్నదా, లేక పుస్తకాలు చదివిన యాత్రికుడే పొరపడుతున్నాడా?

ఈ ప్రశ్న ఆ ప్రాంగణం దాటి ప్రపంచ చర్చగా కూడ మారింది. 1964లో వెనిస్‌లో రూపొందిన పరిరక్షణ నియమావళి ప్రధానంగా యూరప్ రాతి కట్టడాల అనుభవం నుండి పుట్టింది. పాత ద్రవ్యాన్ని కాపాడాలి, ఊహించి కట్టరాదు, కొత్తగా చేర్చినది కొత్తదిగానే కనబడాలి అనేవి దాని సూత్రాలు. కొయ్యతో కట్టే దేశాలకు ఇది పూర్తిగా సరిపోలేదు. 1994లో జపాన్‌లోని నారా నగరంలో సమావేశమైన నిపుణులు, ప్రామాణికతను ఆయా సంస్కృతుల పరిధిలోనే నిర్ణయించాలనీ, ద్రవ్యంతో పాటు రూపం, వినియోగం, సంప్రదాయం, నైపుణ్యం, స్థలం, భావన కూడ లెక్కలోకి రావాలనీ ఒక పత్రాన్ని ఆమోదించారు. ఈ వాదానికి అందరూ చూపే ఉదాహరణ ఇసే దేవాలయం. దానిని ఇరవై ఏళ్ళకొకసారి పక్కనే ఉన్న ఖాళీ స్థలంలో, అదే కొలతలతో కొత్త సైప్రస్ కొయ్యతో కట్టి, పాతదానిని విప్పివేస్తారు. 690లో మొదలైన ఈ ఆచారం 15, 16 శతాబ్దాల యుద్ధాల కాలంలో వందేళ్ళకు పైగా ఆగింది. తిరిగి మొదలై, 62వ పర్యాయం 2013లో జరిగింది. అక్కడ కొయ్య కొత్తది, విద్య పాతది.

తెలుగు పాఠకునికి ఈ ఆలోచన పరాయిది కాదు. జీర్ణోద్ధరణ సమయంలో దేవుని కళను బాలాలయానికి తరలించి, పని ముగిసిన పిమ్మట సంప్రోక్షణ చేసి తిరిగి గర్భాలయంలో నిలపడం ఆగమ సంప్రదాయం. రాయి మారవచ్చు, కొలువు మారదు. మిళిందునితో జరిగిన సంవాదంలో నాగసేనుడు రథాన్ని దృష్టాంతంగా తీసుకొని, చక్రమూ ఇరుసూ నొగలూ వేటికవి రథం కావని చూపిన సంగతి బౌద్ధ వాఙ్మయం తెలిసినవారికి గుర్తుండే ఉంటుంది. కట్టడాన్ని కూడ ఆ విధంగానే ఆలోచించవచ్చు.

అయితే ఈ వాదంలో ఒక ప్రమాదం పొంచి ఉంది. రూపం నిలిస్తే చాలునన్నప్పుడు, నడుమ జరిగిన నష్టం ఎవరికీ పట్టకుండా పోవచ్చు. టోక్యో రైల్వే స్టేషన్ ఈ ప్రమాదాన్ని స్పష్టంగా చూపుతుంది. తత్సునో కింగో రూపకల్పన చేసిన ఆ ఎర్ర ఇటుక భవనం 1914లో మూడంతస్తులతో, రెండు గుమ్మటాలతో ప్రారంభమయింది. ఉక్కు చట్రం బలం వల్ల 1923 భూకంపానికి చెక్కుచెదరలేదు. 1945 మే నెలలో బాంబుల వల్ల కప్పు, గుమ్మటాలు కాలిపోయాయి. ఓడిపోయిన దేశంలో సామగ్రి లేని రోజుల్లో, దెబ్బతిన్న మూడవ అంతస్తు తొలగించి, గుమ్మటాలకు బదులు కోణాకారపు కప్పులు వేసి 1947 నాటికి దానిని నిలబెట్టారు. తాత్కాలికమనుకున్న ఆ రూపం అరవై ఏళ్ళు కొనసాగింది. 2007లో పని ప్రారంభించి, 2012లో 1914 నాటి రూపాన్ని తిరిగి తెచ్చారు. ఇందుకు కావలసిన ధనం సమకూరిన పద్ధతి అధికారులకు ఆసక్తి కలిగించేదే. స్టేషన్ మీద కట్టుకునే హక్కు ఉండి కూడ కట్టని అంతస్తుల విస్తీర్ణాన్ని చుట్టుపక్కల ఎత్తయిన భవనాలకు విక్రయించారు. మన నగరాల్లోని అభివృద్ధి హక్కుల బదిలీ వంటిదే ఇది. పొట్టి భవనం బ్రతకడానికి పొడుగు భవనాలు ఖర్చు భరించాయి.

ఇది ప్రశంసించదగిన పని. కాని లెక్క వేసి చూస్తే, తత్సునో రూపం జీవించినది ముప్పై ఒక్క సంవత్సరాలు. యుద్ధానంతరపు రూపం జీవించినది అరవై సంవత్సరాలు. నగరంలో రెండు తరాల వారు ఎక్కి దిగిన స్టేషన్ ఆ గాయపడిన స్టేషనే. గుమ్మటం తిరిగి వచ్చినప్పుడు గాయం మాసిపోయింది. గాయం మానడం మంచిదే. అసలు గాయమే కాలేదన్నట్లు కనబడడం వేరు. పునర్నిర్మాణం అబద్ధం కాదు, తన తేదీని దాచుకున్నప్పుడే అది అబద్ధానికి దగ్గరవుతుంది.

తేదీని దాచుకోకుండానే రూపం ఎంత దూరం ప్రయాణించగలదో త్సుకిజి హోంగాన్‌జి ఆలయం చూపుతుంది. అక్కడి పాత కొయ్య ఆలయం 1923 అగ్నిలో కాలిపోగా, 1934లో కొత్తది పూర్తయింది. దాని వాస్తుశిల్పి ఇతో చూత 20వ శతాబ్దారంభంలో చైనా, భారతదేశం, తుర్కీ మీదుగా సుదీర్ఘ యాత్ర చేసి, బౌద్ధ శిల్పపు మూలాలను స్వయంగా పరిశీలించినవాడు. అందువల్ల జపాన్ నడిబొడ్డున చైత్యపు తోరణాన్ని తలపించే ముఖభాగం, స్తూపాలవంటి శిఖరాలు వెలిశాయి. ఆ తోరణం చరిత్ర విచిత్రమైనది. గుంటుపల్లి గుహాచైత్యంలో కప్పు లోపలి భాగాన్ని చూసినవారికి, కొయ్య వాసాలను రాతిలో అనుకరించి చెక్కిన దూలాలు గుర్తుంటాయి. కొయ్య నుండి రాతికి మారిన ఆ రూపమే రెండు వేల ఏళ్ళ తరువాత టోక్యోలో కాంక్రీటుకు మారింది. దీనిని నకలు అని ఎవరూ అనరు. కారణం, అది తాను పాతదానినని చెప్పుకోదు.

ఇతో చూత కట్టిన మరొక భవనం సుమిదా నది తూర్పున, యోకోఅమిచో ఉద్యానవనంలో ఉంది. యాత్రికుల జాబితాలలో దాని పేరు అరుదు. 1923లో ఆ స్థలం ఖాళీ మైదానం. మంటల నుండి తప్పించుకొని, సామానుతో సహా అక్కడ చేరిన వారిలో సుమారు 38,000 మంది సుడిగాలిగా వచ్చిన అగ్నికి ఆహుతయ్యారు. 1930లో అక్కడ స్మారక మందిరం నిర్మించి మృతుల అస్థికలను ఉంచారు. యుద్ధం ముగిసిన తరువాత 1945 దాడులలో మరణించినవారి అస్థికలు కూడ అక్కడికే చేరాయి. నేడు ఆ మందిరం లక్షా అరవై వేల మందికి పైగా మృతుల విశ్రాంతి స్థలం. వాస్తుశిల్పం దృష్టితో చూస్తే అది నగరంలోని గొప్ప కట్టడాలలో ఒకటి కాకపోవచ్చు. కాని మిగిలిన కట్టడాలన్నీ ఎందుకు కొత్తవో అది ఒక్కటే చెబుతుంది. దానిని విడిచిపెట్టిన జాబితా అందాన్ని చూపగలదు, కారణాన్ని చూపలేదు.

ఈ ప్రశ్నకు మరొక వైపు కూడ ఉంది. 1972లో కురోకవ కిషో రూపకల్పన చేసిన నకగిన్ కాప్స్యూల్ టవర్ ప్రపంచ ప్రసిద్ధి పొందిన భవనం. రెండు కాంక్రీటు స్తంభాలకు 140 చిన్న గదులను పెట్టెల వలె బిగించారు. ఒక్కొక్క గది దాదాపు పది చదరపు మీటర్లు. పాతికేళ్ళకొకసారి గదులను విప్పి కొత్తవి బిగించవచ్చునన్నది వాస్తుశిల్పి ఆలోచన. ఒక విధంగా ఇది ఇసే ఆచారానికి యంత్రయుగపు రూపం. అయితే ఒక్క గదిని కూడ ఎన్నడూ మార్చలేదు. పై గదులను తీయనిదే కింది గదిని తీయడం సాధ్యం కాకపోయింది. యజమానులు అనేకులు కావడంతో ఏకాభిప్రాయం కుదరలేదు. గొట్టాలు పాడయ్యాయి, ఆస్బెస్టాస్ భయం పట్టుకుంది. చివరకు 2022లో దానిని విప్పివేశారు. ఇరవై మూడు గదులను మాత్రం కాపాడగలిగారు. వాటిలో కొన్ని విదేశీ మ్యూజియంలకు చేరాయి.

దూరం నుండి ఛాయాచిత్రాలు చూసి మెచ్చుకున్నవారు ఆ కూల్చివేతను అపచారమన్నారు. లోపల నివసించినవారిలో కొందరు దానిని ప్రాణంగా చూసుకున్నారు, కొందరు వదిలించుకోదలచారు. ఉభయుల మాటలోనూ న్యాయం ఉంది. మారే శక్తి కొయ్యలో గాని ఉక్కులో గాని ఉండదు, మార్చే బాధ్యతను తరతరాలుగా మోసే సమాజంలో ఉంటుంది. ఇసేకు అటువంటి వడ్రంగులు, భక్తులు ఉన్నారు. నకగిన్‌కు వాటాదారులు మాత్రమే మిగిలారు. మ్యూజియంలో ఉంచిన గది, నాగార్జునసాగర్ జలాలలో మునగబోయే లోయ నుండి తరలించి కొండ మీద తిరిగి నిలిపిన కట్టడాల వలె, జ్ఞానానికి ఉపకరిస్తుంది. కాని అది నిలిచి ఉన్న చోటును అది తిరిగి ఇవ్వలేదు.

ఇంతకూ నాలుగు రోజుల ప్రణాళిక ఏ విధంగా ఉండాలి? మొదటి రోజు అసకుస, అక్కడి నుండి నది దాటి యోకోఅమిచో. రెండవ రోజు టోక్యో స్టేషన్, త్సుకిజి. మూడవ రోజు ఉయెనోలో లె కార్బూజియె కట్టిన 1959 నాటి పాశ్చాత్య కళా మ్యూజియం. అది 2016లో మన చండీగఢ్ శాసనసభా ప్రాంగణంతో కలిసి ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. నాలుగవ రోజు 1964 ఒలింపిక్స్ కోసం తాంగే కెంజో ఉక్కు తాళ్ళతో కప్పును వ్రేలాడదీసిన యోయోగి క్రీడామందిరం, సాయంత్రం షింజుకులో ఆయనే రూపొందించిన నగరపాలన భవనం పైనుండి నగర దర్శనం. ఇందులో కొత్తదనం ఏమీ లేదు. ప్రతి పేరు పక్కన ఒక సంవత్సరం కాక రెండు సంవత్సరాలు వ్రాసుకోవడమే చేయవలసినది. ఆ కట్టడం మొదట వెలసిన ఏడు ఒకటి, ఇప్పుడు కనబడే శరీరం ఏర్పడిన ఏడు మరొకటి. ఆ రెంటికీ మధ్య ఏమి జరిగిందో తెలుసుకోవడమే అసలైన దర్శనం.

ఆ దృష్టితో చూసినప్పుడు సెన్సోజి ముందు నిలిచిన వృద్ధురాలికీ, పుస్తకం చేతబట్టిన యాత్రికునికీ వైరుధ్యం ఉండదు. ఆమెకు కొలువు తెలుసు, అతనికి తేదీ తెలుసు. ఆ ప్రాంగణంలోనే 1945 మంటల మచ్చలతో ఇంకా చిగురిస్తున్న ఒక జింకో చెట్టు ఉంది. కాలిన బెరడు, కొత్త ఆకులు ఒకే మానుకు ఉన్నాయి. దాని దగ్గర కొంతసేపు నిలవడానికి కూడ ప్రణాళికలో చోటు ఉంచుకోవాలి.