కొండకు మైల లేదు

నాయనా,

మార్గళి పుట్టింది. తెల్లవారుజామున నాలుగింటికే మన వీధిలో అందరూ వాకిళ్ళు ఊడ్చి, కళ్ళాపి చల్లి, ముగ్గులు పెడుతున్నారు. మీ వాకిలి ఒక్కటే బోసిగా ఉంది. ఏటిసూతకం ఉన్న ఇంటి ముందు ముగ్గు పడదు. సంక్రాంతికి పొంగలి పెట్టరు. శ్రీవిల్లిపుత్తూరు ఆండాళ్ గుడికి ఈ ఏడాది వెళ్ళకూడదంటారు. అది పెద్దలు పెట్టిన ఆచారం, దాన్ని మీరమని నేను చెప్పను. పోయినవాళ్ళ కోసం ఒక ఏడాది ఊరి సందడికి ఎడంగా ఉండటంలో ఒక మర్యాద ఉంది. కానీ నువ్వు ఆ వాకిలి కూడా దాటడం లేదనీ, పగలంతా తలుపు వేసుకుని పడుకుంటున్నావనీ బావ చెప్పాడు. అందుకే ఈ ఉత్తరం.

గుడికీ పండక్కీ ఉన్న మైల కొండకు లేదురా. వాగుకు లేదు, తోపుకు లేదు. బయటికి రా.

నీకు అమ్మ, నాకు తోడబుట్టింది. అది పోయాక నాకు మనుషుల మధ్య కూర్చోవడమే కష్టమైంది. వచ్చేవాళ్ళు మంచివాళ్ళే. ధైర్యంగా ఉండమంటారు, పసుపు కుంకుమలతో పోయింది, అదృష్టవంతురాలు అంటారు. వాళ్ళకు జవాబు చెప్పాలి, తలూపాలి, కాఫీ ఇవ్వాలి. ముడంగియారు ఒడ్డున కూర్చుంటే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అక్కడ నేను వెక్కి వెక్కి ఏడ్చాను. నీళ్ళ హోరులో ఎవరికీ వినపడలేదు. ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత ఆకలేసి అన్నం తిన్నాను.

చలికాలమంటే ఆకులు రాలి అంతా మోడుబారే కాలమని పుస్తకాల్లో చదువుకున్నాం. మన ఊరికి అది వర్తించదు. నైరుతి వానలు చాలావరకు కొండకవతల కేరళకే దక్కుతాయి. ఐప్పసిలో, కార్తీకంలో పడే ఈశాన్యపు వాన మనది. అందుకే మార్గళి నాటికి మన పడమటి కొండలు పచ్చగా నిండి ఉంటాయి. ఎండాకాలంలో బండలు తేలి కనిపించే అయ్యనార్ కోయిల్ వాగులో ఇప్పుడు నీళ్ళు గలగలా దిగుతుంటాయి. మీ అమ్మను తీసుకెళ్ళిన రోజు వాన గుర్తుందా? కట్టెలు తడుస్తాయని మనమంతా కంగారుపడ్డాం. ఆ రోజు ఆ వానను తిట్టుకున్నాను. అదే వాన కొండమీద కూడా కురిసింది. అక్కడి మట్టిలో ఇంకి, ఊటలై దిగి, ఆరో మైలు డ్యాములోకి చేరి, మన కుళాయిల్లోకి వస్తోంది. ఈ సంగతి తట్టాక నా మనసు కొంత నెమ్మదించింది. ఎందుకని అడిగితే చెప్పలేను.

వాగు దగ్గరికి వెళ్తే తలెత్తి చెట్ల కొనలు చూడు. నెరిసిన బొచ్చుతో, ఒంటికంటే పొడవైన తోకతో పెద్ద ఉడుత కనిపించవచ్చు. 1988లో ఈ అడవిని అభయారణ్యం చేసింది దాని కోసమే. 2021లో మేగమలైతో కలిపి పులుల అభయారణ్యం కూడా చేశారు. ఆ ఉడుత కిందికి దిగడం అరుదు. కొమ్మా కొమ్మా కలిసిన చోట చెట్టు మీంచి చెట్టుకు దూకుతుంది. ఒకసారి వెనక కాళ్ళతో కొమ్మను పట్టుకుని తలకిందులుగా వేలాడుతూ, చింతకాయను ముందు కాళ్ళతో తిప్పి తిప్పి కొరకడం చూశాను. పెచ్చులు నా భుజం మీద పడ్డాయి. చూస్తున్నంతసేపూ ఆస్పత్రి గది గుర్తుకు రాలేదు. తర్వాత వచ్చింది. రానీ. దాన్ని తరిమెయ్యమని నిన్ను పంపడం లేదు. అలాంటప్పుడు నీకు నవ్వొస్తే, అమ్మ పోయి మూడు నెలలైనా కాలేదే అని సిగ్గుపడకు. నువ్వు నవ్వితే మొదట సంతోషించేది మీ అమ్మే కదా.

ఒక్క జాగ్రత్త. పైన వాన పడితే కింద ఎండ కాస్తున్నా వాగు ఉన్నట్టుండి పొంగుతుంది. అడవి శాఖవాళ్ళు ఆపిన రోజు వెనక్కి వచ్చెయ్యి. ఒంటరిగా లోపలికి వెళ్ళకు.

ఇంకొకటి, తప్పుగా అనుకోకు. కొండ చాలా చేస్తుంది గానీ అన్నీ చెయ్యదు. రాత్రుళ్ళు అసలు నిద్ర పట్టకపోయినా, అమ్మ దగ్గరికే పోతే బాగుండుననే ఆలోచన వచ్చినా, నాకు వెంటనే చెప్పు. ఏ అర్ధరాత్రి అయినా లేస్తాను. నాకు చెప్పలేకపోతే 14416కు ఫోన్ చెయ్యి. 2022లో కేంద్ర ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తమిళంలోనే మాట్లాడొచ్చు. డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సి వస్తే నేను తోడొస్తాను. జ్వరానికి వెళ్ళమా, ఇదీ అంతే.

ఇక మన మామిడి తోపు సంగతి. పంచవర్ణం చెట్లు పూతకొస్తున్నాయి. సప్పట్టైకి ఇంకా మొగ్గే. ఏటా ఈ రోజుల్లో మీ అమ్మ పొద్దున్నే వెళ్ళి ఒక్కో రెమ్మ వంచి చూసేది. ఈ ఏడు చూసేవాళ్ళు లేరు. మంచు దిగే ఉదయాల్లో తేనెమంచు పురుగు పడుతుంది. పూతరెమ్మను మెల్లగా కదిపితే చిన్న చిన్న పురుగులు చిటచిటా ఎగురుతాయి. కింది ఆకులు చేతికి జిగురుగా తగులుతాయి, పట్టించుకోకపోతే ఆ జిగురు మీద నల్ల మసి కడుతుంది. రెమ్మకు వందల పూలుంటాయి, వాటిలో కాయగా నిలిచేవి ఒకటో రెండో. పురుగు పడితే ఆ ఒకటీ రెండూ కూడా దక్కవు.

ఆదివారం ఆరింటికల్లా మీ ఇంటికి వస్తాను. మందు కొట్టాలో అక్కర్లేదో ఇద్దరం చెట్టు చెట్టూ చూసి తేల్చుకుందాం. అప్పటిదాకా ఎవరేం చెప్పినా తోపుకు నీళ్ళు పెట్టించకు. పిందె బఠాణీ గింజంత అయ్యాకే మొదటి తడి. అది మీ అమ్మ లెక్క, మార్చొద్దు.

మీ మామ