శిశువు నిక్షేపము

తిరుమల కల్యాణకట్టలో పుట్టువెండ్రుకల మ్రొక్కు చెల్లించుట కుటుంబమునకు పండుగ. తల్లిదండ్రులు విడిపోయిన యింట ఆ పండుగయే తగవగును. ఇలవేల్పునకు మ్రొక్కినది మేమని తండ్రివైపువారందురు. మేనమామ యొడిలో గాని కత్తెర పడరాదని తల్లివైపువారందురు. తుదకు మ్రొక్కు న్యాయస్థానపు టుత్తరువునకై వేచియుండును. అంతవరకు పెరిగిన జుట్టు బిడ్డ కండ్లలో పడుచునే యుండును.

ఇట్టి తగవులలో ఇరువైపులవారును పలుకు మాట యొక్కటే: “బిడ్డ నాది.” ఈ మాటను శాస్త్రము అంగీకరించునా?

మనువు చెప్పిన పదునెనిమిది వ్యవహారపదములలో ఋణాదానము మొదటిది, నిక్షేపము రెండవది. నమ్మి చేతికిచ్చిన సొమ్మును చెడకుండ కాపాడి తిరిగి యొప్పగింపవలెను; స్వప్రయోజనమునకు వాడుకొనరాదు. ఆ యధ్యాయముననే, బాలుని దాయధనమును అతడు గురుకులమునుండి మరలివచ్చువరకు, లేదా శైశవము గడచువరకు, రాజు కాపాడవలెనని గలదు. బాలుని ధనమే పరులు ముట్టరానిదైనపుడు బాలుడే యొకరి సొత్తెట్లగును?

నేటి చట్టమును ఈ త్రోవనే వచ్చినది. మైనరునకు తండ్రి, ఆతని తరువాత తల్లి సహజసంరక్షకులని 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టము 6వ సెక్షనులో నున్నది. అయిదేండ్లు నిండని శిశువు సాధారణముగా తల్లికడనే యుండవలెననియు నందే కలదు. ‘తరువాత’ యనగా తండ్రి మరణించిన పిదప మాత్రమే కాదు, తండ్రి సంరక్షణభారము వహింపని స్థితియందును అని 1999లో గీతా హరిహరన్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు అర్థము చెప్పినది. ఒక్క పదమున కర్థము తేలుటకు నలువదిమూడేండ్లు! మీమాంసకులనే జనులు ఆక్షేపింతురు. వీని కన్నిటికిని మీదిది 13వ సెక్షను: మైనరు క్షేమమే పరమప్రమాణము. తెలిసి చెప్పగల వయస్సు వచ్చిన బిడ్డ యిష్టమును గణింపవచ్చునని 1890 నాటి గార్డియన్లు, వార్డుల చట్టమే చెప్పినది. బిడ్డ యెవరిదని కాదు, బిడ్డకు మేలెక్కడ నని చట్టము ప్రశ్న.

అయినచో న్యాయస్థానమున కెక్కుటయే దోషమా? కాదు. హిరణ్యకశిపుడు ప్రహ్లాదునకు కన్నతండ్రియే. ఆ జనకత్వము ఆతని క్రౌర్యమును ధర్మము చేయలేదు. బిడ్డ దెబ్బలు తినుచుండగా పరువు పోవునని నోరు మూసికొన్నవారు నిక్షేపమును దొంగకు విడిచినవారే. దోషము వేరొకచోట నున్నది. చూడవచ్చిన దినమున తలుపు తీయకుండుట, పోషణకు పైకము నిలుపుట, తల్లిమీద తండ్రికో తండ్రిమీద తల్లికో గల కసిని పసివాని నోట పలికించుట, “నీకెవరు కావలె?” నని పదిమందిలో నిలిపి యడుగుట — ఇవి నిక్షేపమును స్వప్రయోజనమునకు వాడుకొనుట. చట్టమునకు చిక్కనివి పెక్కు ఇందులో గలవు.

“నాది” యనుటకు దేవకికంటె నర్హత గలవారెవరు? కంసుని చెరలో కన్నబిడ్డను ఆ రాత్రియే వసుదేవుని చేతి కిచ్చినది. తొలియడుగులు, వెన్నదొంగతనములు, ఱోట గట్టుట — ఏదియు నామె కంట పడలేదు. కంసవధానంతరము నందుని వీడ్కొలుపుచు శ్రీకృష్ణుడు, బంధువులు పెంపజాలక విడిచిన శిశువులను కన్నబిడ్డలవలె పెంచినవారే తల్లియు తండ్రియు నని యోదార్చెను.

పిమ్మట చాలకాలమునకు సూర్యగ్రహణపర్వమున రెండు కుటుంబములును కురుక్షేత్రమున గలిసికొన్నవి. రామకృష్ణులు యశోదానందులను కౌగిలించుకొని, కంఠము పూడి యేమియు బలుకలేకపోయిరి. దేవకీరోహిణులు యశోదను కౌగిలించుకొనిరి. కన్నవారిని చూచి యెరుగని యీ బిడ్డలను, రెప్పలు కన్నులను గాచినట్లు, ఏ భయము నెరుగనీయక మీరు కాచితిరని కన్నీటితో చెప్పిరి. మీకడ నుంచబడినవారని చెప్పుటకు భాగవతమున నచట నున్న పదము ‘న్యస్త’. న్యాసమనగా నేమో ప్రపన్నులకు వేరుగ చెప్పనక్కరలేదు.

యశోద బదులేమి పలికెనో శుకుడు చెప్పలేదు. ఆ మాట ముగియగనే గోపికల కథకు మరలినాడు.