ఆకుకూర ఎందుకు తింటున్నట్టు?



ఈ వారం మీతో రెండు సంగతులు ముచ్చటించాలి. ఒకటి వంటింటిది. రెండవది అద్దం ముందు నిలబడినప్పటిది. ఈ రెండింటికీ సంబంధమేమిటని అడుగుతారు కాబోలు. అక్కడికే వస్తున్నాను, ముందు వంటింట్లోకి వెళదాం.

ఇటలీ దేశంలో జెనోవా అనే రేవు పట్టణం ఉంది. అక్కడివారు ఒక రకం ఆకును వెల్లుల్లితో, పైన్ అనే చెట్టు గింజలతో, ఉప్పుతో కలిపి పాలరాతి రోట్లో నూరి, ఛీజ్, ఆలివ్ నూనె చేర్చి తింటారు. దానికి పెస్టో అని పేరు. దంచడం అనే అర్థమున్న మాట నుండి ఆ పేరు పుట్టింది. ఆ ఆకు మనకు కొత్తదేమీ కాదు. ఎండాకాలంలో మనం నానబెట్టి తాగే సబ్జా గింజలు ఆ జాతి మొక్కవే. పాలు, నెయ్యి, గుడ్డు వంటి జంతు సంబంధమైనవేవీ ముట్టనివారిని ఇప్పుడు వీగన్లు అంటున్నారు. 1944లో ఇంగ్లండులో పుట్టిన మాట అది. వారు పెస్టోలో ఛీజ్ మానేసి చేసుకుంటారు. పట్నంలో చదువుకునే మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చి, “అమ్మా, వీగన్ పెస్టో చేసుకుందామే” అంటే కంగారు పడకండి. ఆకు, గింజ, వెల్లుల్లి, నూనె, రోలు. ఛీజ్ తీసేశాక మిగిలేది మన తొక్కే గదా!

చేర్యాల చుట్టుపక్కల ఏ అంగడికి వెళ్లినా పుంటికూర, తోటకూర, పాలకూర, కొత్తిమీర, పుదీన కట్టలు కనిపిస్తాయి. ఎండలు మొదలయ్యేసరికి చింతచిగురు కూడా వస్తుంది. ఇలా చేసి చూడండి. రెండు గుప్పెళ్ల పాలకూరను ఉప్పునీళ్లలో బాగా కడిగి, మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ఉంచి తీసి పిండండి. ఒక కట్ట కొత్తిమీర, గుప్పెడు పుదీన పచ్చివే తీసుకోండి. గుప్పెడు పల్లీలు, రెండు చెంచాల నువ్వులు దోరగా వేయించండి. ముందుగా గింజలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు, మూడు పచ్చిమిరపకాయలు, ఉప్పు నూరి, తరువాత ఆకు వేసి బరకగా నూరండి. చివర రెండు మూడు చెంచాల నూనె, అరచెక్క నిమ్మరసం. ఛీజ్ ఇచ్చే కమ్మదనం నువ్వులు ఇస్తాయి. జొన్నరొట్టెలోకైనా, వేడి అన్నంలోకైనా బాగుంటుంది. మిక్సీలో వేస్తే ఆపి ఆపి తిప్పండి. ఒకేసారి తిప్పితే ఆకు వేడెక్కి రంగు మారుతుంది. పుంటికూరతో చేస్తే నిమ్మరసం అక్కరలేదు, దాని పులుపు దానికుంది.

నూనె వద్దంటారు కొందరు పిల్లలు. ఆ మాట దగ్గరే మన రెండవ సంగతి మొదలవుతుంది. ఆకుకూరల్లో ఉండే కెరోటిన్, మన శరీరంలో విటమిన్ ‘ఏ’గా మారే పదార్థం, కొంచెం కొవ్వు తోడుంటేనే బాగా ఒంటపడుతుంది. ఆకులోని ఇనుమును శరీరం తీసుకోవడానికి నిమ్మరసంలోని విటమిన్ ‘సి’ సాయపడుతుంది. భోజనం కాగానే తాగే టీ అడ్డుపడుతుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో నూటికి 57 మంది రక్తహీనతతో ఉన్నారు. కాబట్టి ఆకుకూర తినండి, నూనె వేసుకుని తినండి. అయితే ఆకులొక్కటే చాలవు. పాలు, గుడ్లు, మాంసం అన్నీ మానేసినవారికి బి12 విటమిన్ ఆకుకూరల్లో దొరకదు. దానికి వైద్యుల సలహా కావాలి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఒకే పీట మీద ఇద్దరు అక్కాచెల్లెళ్లు కూర్చుని ఇదే తొక్కు తింటున్నారనుకోండి. పెద్దది ఆకలితో తింటోంది, రుచి చూసి ఇంకొంచెం వడ్డించుకుంటోంది. చిన్నదానికి పదిహేనేళ్లు. అన్నం పక్కకు నెట్టి తొక్కు మాత్రం వేలితో నాకుతోంది. “ఇది తింటే లావు కారంట” అని ఎక్కడో విన్నది. ఆమె మనసులో ఉన్నది ఆకలి కాదు, అసహ్యం. తన తొడలంటే, తన పొట్టంటే, తన రంగంటే. బయటినుండి చూసేవారికి ఇద్దరూ ఆకుకూర తినే మంచి పిల్లలే. పైగా, “చిన్నదానికి నోరు కట్టుకోవడం వచ్చు” అని మెచ్చుకుంటాం కూడా. ఈ ఇద్దరూ చేస్తున్నది ఒకే పనేనా?

ఈ ప్రశ్న మనం కొత్తగా అడుగుతున్నది కాదు. నాలుగవ శతాబ్దంలో మానికేయులనే ఒక మతశాఖవారు ఉండేవారు. శరీరం చీకటి శక్తుల సృష్టి అని, వెలుగు అందులో బందీ అయి ఉందని వారి సిద్ధాంతం. వారిలో ఉత్తములనిపించుకున్నవారు మాంసం, మద్యం ముట్టేవారు కారు. పండ్లు, కూరగాయలు తింటే వాటిలోని వెలుగు విడుదలవుతుందని నమ్మేవారు. పునీత అగస్తీను గారు యౌవనంలో దాదాపు తొమ్మిదేళ్లు వారితో తిరిగారు. 387లో జ్ఞానస్నానం పొందిన తరువాత వారి నడవడిని విమర్శిస్తూ ఒక గ్రంథమే వ్రాశారు. అందులో ఒక చక్కని పోలిక ఉంది. ఒకడు ఆకలి తీరేమేరకు పందికొవ్వు తగిలిన కూరాకు తిని, ఆరోగ్యానికి చాలినంత ద్రాక్షారసం తాగి లేస్తాడు. మరొకడు మాంసం ముట్టడు గాని, పుట్టగొడుగులు, మిరియాలు దట్టించిన రకరకాల వంటకాలతో కడుపు పగిలేలా తింటాడు. వీరిద్దరిలో నిగ్రహం ఎవరిదని ఆయన అడుగుతారు.

ఆ తర్కాన్ని మన కాలానికి ఇంకొక్క అడుగు ముందుకు తీసుకురావాలి. ఆకు తినడం తప్పని తిరుసభ మానికేయులతో వాదించలేదు. మన మఠాలలో శాకాహారంతో జీవించినవారు ఎందరో ఉన్నారు. తిరుసభ తిరస్కరించింది, శరీరం చెడ్డదన్న మాటను. సృష్టిని చూసి దేవుడు మంచిదన్నాడని ఆదికాండం చెబుతున్నది గదా! ఆ మంచిలో మన దేహం కూడా ఉంది. పునీత పౌలుగారు దేహాన్ని ఆలయంతో పోల్చినప్పుడు, ఆలయం సన్నగా ఉండాలని గాని, తెల్లగా ఉండాలని గాని షరతు పెట్టలేదు.

మరి తపస్సుకాలంలో ఉపవాసం ఉంటాం కదా అని మీరనవచ్చు. చాలా కుటుంబాలలో తికమక ఇక్కడే వస్తుంది. విభూది బుధవారం మొదలు నలభై రోజులు ఒక్కపూట భోజనం చేస్తానని కూతురు అంటే తల్లిదండ్రులు సంతోషిస్తారు. సంతోషించే ముందు తిరుసభ చట్టం ఏమంటున్నదో చూడండి. 1983 నాటి ధర్మశాస్త్ర సంపుటి 1252వ నియమం ప్రకారం మాంసం మానవలసిన నియమం 14 ఏళ్లు నిండినవారికి. ఉపవాస నియమం 18 ఏళ్లు నిండినవారికి, అదీ 60వ ఏడు మొదలయ్యేవరకే. అంటే మన పదిహేనేళ్ల అమ్మాయిని పస్తుండమని తిరుసభ ఆజ్ఞాపించడం లేదు. ఎదిగే ఒంటికి అన్నం కావాలని ఆ నియమం వ్రాసినవారికి తెలుసు. ఉపవాసం నిజమా కాదా అని తెలుసుకోవడానికి నాకు తోచిన గురుతు ఒకటుంది. పాస్కా పండుగనాడు ఆమె అందరితోపాటు కూర్చుని సంతోషంగా తినగలుగుతుందా? తినగలిగితే అది ఉపవాసం. పండుగనాడు కూడా ప్లేటు చూసి భయపడితే, తపస్సుకాలం పేరు చెప్పుకుని వచ్చినది మరేదో.

పునీత సియెన్నా కత్తెరీనమ్మగారి పేరు ఇక్కడ కొందరు ఎత్తుతారు. ఆమె దాదాపు ఏమీ తినకుండా జీవించారని చదివి పిల్లలు ఆశ్చర్యపోతారు. నిజమే, ఆమె తిండి ఎంతో కొద్ది. 1380లో 33వ ఏట మరణించారు. అయితే ఈ తిండి సంగతి గురించి ఆమె స్వయంగా వ్రాసిన ఒక లేఖ ఉంది. తినడానికి తనను తాను బలవంతపెట్టుకుంటున్నానని, ఇతరుల్లాగే తాను కూడా తినగలిగే అనుగ్రహం ఇమ్మని దేవుని వేడుకుంటున్నానని అందులో చెప్పుకున్నారు. మనం గొప్పగా చెప్పుకునే ఆ తిననితనాన్ని ఆమె బాధగా భావించారన్నమాట. ఆమెను 1970లో తిరుసభ పండితురాలిగా ప్రకటించింది ఆమె జ్ఞానానికి, పస్తులకు కాదు. ఇక అస్సిసిపురి ఫ్రాన్సిసు గారైతే చివరి రోజుల్లో, తన సోదరుడైన దేహం పట్ల ఎంతో తప్పు చేశానని ఒప్పుకున్నారని ఆయన చరిత్ర వ్రాసినవారు చెబుతారు. పునీతుల జీవితాలను సగం చదివి పిల్లలకు చెప్పడం మంచిది కాదు.

అసహ్యం పిల్లలకు ఎక్కడినుండి వస్తుంది? సినిమాలనీ, సెల్‌ఫోన్లనీ తిడతాం. వాటి పాలు వాటికుంది. 1975 నుండి మన దేశంలో అమ్ముడుపోయిన ఒక క్రీము పేరులోనే తెల్లదనం ఉండేది. 2020లో గాని ఆ మాట తీసేయలేదు. కాని ఇంటి సంగతి చూడండి. లగ్గానికి వెళతాం. మేనత్త కనిపిస్తుంది. “ఏం బిడ్డా, గింత లావైనవేంది?” లేదా, “ఎండల తిరిగి నల్లబడ్డవు గదనే.” ఆమె ప్రేమతోనే అంటుంది, మాట దాచుకోవడం ఆమెకు తెలియదు. ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంటుంది. రాత్రి ఇంటికి వచ్చి అన్నం వద్దంటుంది. పూజకు వెళ్లేటప్పుడు కూడా గుడి గుమ్మం దగ్గర ఇవే పలకరింపులు. మగపిల్లలకూ తప్పదు. బక్కగా ఉన్నవాడిని ‘పుల్ల’ అంటాం, పొట్టివాడికి ఇంకేదో పేరు.

చేర్యాల నకాషీ పటాలు మీరు చూసే ఉంటారు. ఎర్రని నేలరంగు మీద కథ వరుసగా సాగుతుంది. ఖద్దరు బట్టకు సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల గుజ్జు పూసి ఆరబెట్టి దాని మీద వేస్తారు. బొమ్మలకూ, ముసుగులకూ అదే చింతగింజల గుజ్జులో రంపపు పొట్టు కలుపుతారు. చిగురు మన రోట్లోకి వస్తే గింజ వారి పనిలోకి పోతుంది! ఆ పటాల్లో దేవుళ్లకు నీలం, దేవతలకు పసుపు, మనుషులకు గులాబీ ఛాయ, రాక్షసులకు ముదురు రంగు వేయడం ఆనవాయితీ. చిత్రకారులను తప్పుపట్టడానికి చెప్పడం లేదు. కథ వినేవారు దూరం నుండే పాత్రను గుర్తుపట్టాలి, అందుకు రంగు ఒక గుర్తు. కాని పటంలో గుర్తుగా ఉన్న రంగు మన ఇళ్లలో తీర్పుగా మారిపోయింది. నల్లని పిల్ల పుడితే కట్నం లెక్క మొదలుపెట్టేవారు మన విచారణల్లోనూ ఉన్నారు.

ఆ కళాకారులే పల్లె స్త్రీలను కూడా బొమ్మలుగా చేస్తారు, పనిపాటల్లో ఉన్నట్టుగా. ఆ బొమ్మను చేతికి తీసుకున్నప్పుడు, ఈమె నడుము సన్నగా ఉందా అని మనం చూడం. ఏం చేస్తున్నదో చూస్తాం. మన శరీరాన్ని కూడా అలా చూడడం నేర్పితే చాలుననిపిస్తుంది నాకు. “నువ్వు అందంగా ఉన్నావు, నమ్ము” అని పిల్లలకు రోజూ చెప్పాలంటారు ఈ కాలపు పుస్తకాలవారు. చెప్పండి, చెడ్డది కాదు. కాని అందం చుట్టూనే మాట తిరుగుతుంటే, పిల్ల అద్దం ముందునుండి కదలదు. రోకలి ఎత్తిన చేయి, బడికి రెండు మైళ్లు నడిచిన కాలు, చెల్లెలిని ఎత్తుకున్న నడుము, వీటి గురించి మాట్లాడండి.

షుగరు ఉన్నవారు తిండి తగ్గించుకోవద్దా, బరువు చూసుకోవద్దా అంటే, తప్పక చూసుకోవాలి. వైద్యులు చెప్పిన పథ్యం పాటించడం దేహాన్ని కాపాడుకోవడమే. దేహం మీద ప్రేమ ఉన్నవాడే ఇష్టమైన తీపిని పక్కన పెట్టగలడు. పగ ఉన్నవాడు కూడా పక్కన పెడతాడు, కానీ ఎక్కడ ఆపాలో అతనికి తెలియదు.

అందుచేత తల్లిదండ్రులకు ఒక మాట. మీ బిడ్డ భోజనానికి పిలిస్తే తప్పించుకుంటున్నా, తిన్నవెంటనే బాత్‌రూములోకి వెళ్లి వాంతి చేసుకుంటున్నా, నెలసరి ఆగినా, కళ్లు తిరుగుతున్నా, జుట్టు ఊడుతున్నా, అది మొండితనమని కొట్టకండి, భక్తి అని మురవకండి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మనసు సంగతి మాట్లాడడానికి ప్రభుత్వం వారి టెలి మానస్ 14416 నంబరు ఉంది, ఫోను చేయడానికి సిగ్గుపడనక్కరలేదు. చుట్టాలతో ముందే చెప్పండి, పిల్ల ఒంటి గురించి మాట వద్దని. మేనత్త నొచ్చుకుంటే రెండు రోజులు నొచ్చుకుంటుంది. అందరూ ఒకే చోట కూర్చుని తినండి. ఆకు తుంచే పని, రోట్లో నూరే పని ఆమెతో కలిసి చేయండి, ఉప్పు చూడమని ముందు ఆమెకే పెట్టండి. తొక్కులో నూనె ఎంత పడిందన్న లెక్క మాత్రం ఆమె ముందు తీయకండి.